కోర్టు ఇంటికొచ్చింది!

సినిమా కోర్టులో న్యాయం జరగడానికి పది నిమిషాలు చాలు. లాయరు నల్లకోటు సర్దుకుంటాడు. బల్లమీద గుద్ది ‘యువరానర్’ అంటూ గొంతు పెంచుతాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఓ సాక్షి పరుగెత్తుకొస్తాడు. జడ్జిగారు సుత్తితో టకటకా కొట్టి ‘ఆర్డర్... ఆర్డర్’ అంటారు. విలన్ తలదించుకుంటాడు. హాలంతా ఈలలు!

థియేటర్లో కూర్చున్నంతసేపూ ఇదంతా బాగానే ఉంటుంది. అదే సినిమా నెల తిరక్కుండా ఇంట్లో టీవీలోకి వచ్చేసి, పక్కన కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ‘నిజంగా ఇలాగే జరుగుతుందా నాన్నా?’ అని అడిగితే? చాలామంది నాన్నలు నీళ్లు నమిలేది అక్కడే.

2025లో ఎన్నో ఇళ్లలో ఆ పరిస్థితి తెచ్చిపెట్టిన సినిమా ‘కోర్ట్: స్టేట్ వర్సెస్ ఎ నోబడీ’. హీరో నాని సమర్పణలో, రామ్ జగదీశ్ అనే కొత్త దర్శకుడు తీసిన చిత్రం. పెద్ద హీరో లేడు. విదేశాల్లో పాటలు లేవు. విశాఖపట్నంలో 2013 నాటి కథ. పంతొమ్మిదేళ్ల పేదింటి కుర్రాడు చందు, పదిహేడేళ్ల పెద్దింటి అమ్మాయి జాబిల్లి ఇష్టపడతారు. అమ్మాయి ఇంట్లో పెత్తనమంతా మంగపతిది. పరువే ప్రాణం అనుకునే ఆ మనిషి కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. బెయిలు లేదు, బయటపడే దారి లేదు. అప్పటిదాకా సొంతంగా ఒక్క కేసూ వాదించని జూనియర్ లాయరు సూర్యతేజ ఆ ఫైలు పట్టుకుంటాడు. మూసిన తలుపుల వెనక అసలేం జరిగింది? సినిమాని చివరిదాకా కుర్చీలో కూర్చోబెట్టే ప్రశ్న అదొక్కటే. లాయరుగా ప్రియదర్శి, మంగపతిగా శివాజీ, కుర్రజంటగా హర్ష్ రోషన్, శ్రీదేవి నటించారు. ముఖ్యంగా శివాజీని చూసి ‘ఇలాంటి మనిషి మా చుట్టాల్లోనూ ఉన్నాడు’ అనుకోనివాళ్లు తక్కువ.

నెల తిరిగేలోగా...

ఈ సినిమా థియేటర్లలోకి వచ్చింది 2025 మార్చి 14న. నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది ఏప్రిల్ 11న. సరిగ్గా నాలుగు వారాలు! పవన్ కల్యాణ్ ‘వకీల్ సాబ్’ అయితే ఇంకా త్వరగా వచ్చేసింది. 2021 ఏప్రిల్ 9న విడుదలై, అదే నెల 30న అమెజాన్ ప్రైమ్‌లో కనిపించింది. ఆ ఏడాది నవంబరులో వచ్చిన ‘జై భీమ్’ అసలు థియేటర్ గడపే తొక్కకుండా నేరుగా ఇంటికే వచ్చింది.

ఒకప్పుడు కోర్టు సినిమా అంటే హాల్లో చూసి మర్చిపోవడమే. 1981లో ‘న్యాయం కావాలి’, 1982లో ‘జస్టిస్ చౌదరి’, 1983లో యండమూరి నవల ఆధారంగా ‘అభిలాష’... ఇవన్నీ మళ్లీ చూడాలంటే రెండో ఆట పడేదాకా ఎదురుచూడాల్సిందే. తర్వాత వీసీఆర్‌లు వచ్చాయి. అద్దెకి క్యాసెట్ తెచ్చుకుని వీధి వీధంతా ఒకే ఇంట్లో చేరి చూసేవాళ్లు. ఆనక వీసీడీలు, డీవీడీలు. 2007 ప్రాంతంలో మోజర్‌బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి అమ్మడం మొదలుపెట్టాక కిరాణా కొట్లోనూ సినిమా దొరికింది. ఇప్పుడు ఆ డబ్బాలూ లేవు, డిస్కులూ లేవు. రిమోట్ ఉంటే చాలు.

ఈ మార్పు అందరికంటే ఎక్కువ కలిసొచ్చింది ఊరి చివర ఉండేవాళ్లకి. మేడ్చల్, శామీర్‌పేట వైపు కాపురాలే తీసుకోండి. జీనోమ్ వ్యాలీలో షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరేసరికి పొద్దుపోతుంది. పిల్లల్ని తయారుచేసి, బండి తీసి, కొంపల్లి వైపో సికింద్రాబాద్ వైపో వెళ్లి నలుగురూ సినిమా చూసి రావాలంటే ఆదివారం మొత్తం పోతుంది, జేబూ ఖాళీ అవుతుంది. అందుకే అలాంటి ఇళ్లకి ఓటీటీలోకి వచ్చిన రోజే అసలు రిలీజు. భోజనాలయ్యాక అందరూ చేరతారు. నాయనమ్మ కూడా ఉంటుంది. థియేటర్లో లేని సౌకర్యం ఇంట్లో ఒకటుంది... సినిమాని ఆపొచ్చు! కోర్టు సినిమాని మధ్యమధ్యలో ఆపి మాట్లాడుకోవడం చాలా అవసరం. ఎందుకంటే సినిమా చెప్పేది కొంత, చట్టం చెప్పేది ఇంకొంత.

జస్టిస్ సిటీ పక్కనే!

చిత్రమేంటంటే... అసలు కోర్టు ఎలా ఉంటుందో నేర్పే చోటు ఆ చుట్టుపక్కలే ఉంది. సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు వెళ్తే శామీర్‌పేట వస్తుంది. అందరికీ చెరువూ జింకల పార్కే గుర్తొస్తాయిగానీ, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం కూడా అక్కడే ఉంది. 1998లో నాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతో పుట్టిన సంస్థ అది. దాని చిరునామాయే ‘జస్టిస్ సిటీ, శామీర్‌పేట’!

న్యాయశాస్త్రం చదివే పిల్లలు ‘మూట్ కోర్టు’ అని ఉత్తుత్తి కోర్టులో వాదనలు సాధన చేస్తుంటారు. అక్కడ బల్ల గుద్దితే మార్కులు పడవు. ఏ సెక్షను, ఏ తీర్పు, ఏ పేజీ... అదే అడుగుతారు. జడ్జి స్థానంలో కూర్చున్నవాళ్లు మధ్యలోనే ఆపి ప్రశ్నలు వేస్తారు. గొంతు పెంచినవాడికన్నా జవాబు తెలిసినవాడే గెలుస్తాడు.

నిజం కోర్టూ అంతే. మన జడ్జిల బల్లమీద సుత్తి ఉండదు. అది పరదేశం సినిమాల్లోంచి దిగుమతైన వస్తువు. భగవద్గీత మీద చేయివేయించి ప్రమాణం చేయించడం కూడా ఇప్పుడు లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం ‘దైవసాక్షిగా’ అనో, ‘మనస్సాక్షిగా’ అనో నోటితో చెబితే సరిపోతుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకి నిజం చెప్పాలని తెలిసి, ప్రమాణమంటే ఏంటో తెలియకపోతే, అదీ లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు.

ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చే సాక్షి సంగతేంటి? పోలీసులు ఎవరెవర్ని సాక్షులుగా పెడుతున్నారో, ఏ కాగితాల మీద ఆధారపడుతున్నారో ఛార్జిషీటుతోపాటు నిందితుడికి ముందే ఇవ్వాలి. ఎవరినైనా కొత్తగా పిలవాలంటే కోర్టు పిలుస్తుంది, దానికీ పద్ధతి ఉంది. ఇక జనం వైపు తిరిగి లాయరు చెప్పే కన్నీటి ప్రసంగాలు... అవి అమెరికా సినిమాల ప్రభావం. 1957 నాటి ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ చూస్తే తెలుస్తుంది. అక్కడ తీర్పు చెప్పేది పన్నెండుమంది మామూలు మనుషుల జ్యూరీ. వాళ్ల మనసు కరిగించాలి. ఇక్కడ క్రిమినల్ కేసుల్లో జ్యూరీలు పోయి దశాబ్దాలయింది. ఫైలు చదివే జడ్జి ఒక్కరే ఉంటారు.

పోక్సో కేసుల్లో అయితే సినిమాల్లో కనిపించే కిక్కిరిసిన హాలే ఉండదు. విచారణ ఆంతరంగికంగా, అమ్మో నాన్నో పక్కన ఉండగా జరగాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు పిల్లల కంటపడకూడదు. లాయర్లు ప్రశ్నలు నేరుగా గుప్పించకూడదు. జడ్జికి చెబితే, జడ్జి అడుగుతారు. శీలం గురించి వంకర ప్రశ్నలు నిషిద్ధం. వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో రాకూడదు. పిల్లల పేరుగానీ, బడి పేరుగానీ, గుర్తుపట్టే వివరాలుగానీ పత్రికల్లో, టీవీల్లో రాకూడదు. ఇవన్నీ చట్టంలో రాసున్న మాటలే. ‘కోర్టుకెళ్తే పిల్ల పరువు పోతుంది’ అని నోరు మూసుకునే ఇళ్లకి ఈ సంగతి తెలియడం చాలా ముఖ్యం.

ఇష్టపడ్డా నేరమేనా?

ఇంతకీ ‘కోర్ట్’ చూస్తూ ఇంట్లో ఎక్కడ ఆపాలి? కుర్రాణ్ని పోలీసులు తీసుకెళ్లిన చోట! అమ్మాయికి ఇష్టమే కదా, మరి కేసేంటి అని పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్లలోనూ చాలామందికి జవాబు తెలియదు.

పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. అంతకుముందు అమ్మాయి సమ్మతికి చట్టం ఒప్పుకునే వయసు పదహారు. ఈ చట్టం పద్దెనిమిదేళ్లలోపు అందరినీ పిల్లలే అంది. ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా. అంటే పదిహేడేళ్ల అమ్మాయి ‘నాకిష్టమే’ అన్నా చట్టం దృష్టిలో ఆ మాటకి విలువ లేదు. సినిమా కథ 2013లో జరగడంలో అర్థం ఇదే. చట్టం వచ్చి అప్పటికి ఏడాది అటూ ఇటూ. ఊళ్లో ఎవరికీ తెలియదు. కేసు పెట్టేవాడికి మాత్రం తెలుసు!

ఇంకో మెలిక ఉంది. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. పోక్సోలో తీవ్రమైన నేరాల విషయంలో, ప్రాథమిక ఆధారాలు చూపించాక, నేరం జరిగిందనే కోర్టు భావిస్తుంది. జరగలేదని చూపించుకోవాల్సిన భారం నిందితుడి నెత్తిన పడుతుంది. సూర్యతేజ పడే తంటాలన్నీ అందుకే. శిక్షలూ చిన్నవి కావు. అత్యాచారానికి 2012లో కనీస శిక్ష ఏడేళ్లు. 2019లో దాన్ని పదేళ్లు చేశారు. బాధితులు పదహారేళ్లలోపువాళ్లయితే ఇరవై ఏళ్లు.

అలాగని సినిమా చూసి ‘ఈ చట్టమే తప్పు’ అనేసుకుంటే పెద్ద పొరపాటు. పిల్లల మీద అఘాయిత్యాల్లో అత్యధికం తెలిసినవాళ్లు చేసేవే. ఇంటి చుట్టూ తిరిగేవాళ్లూ, మామయ్యా బాబాయ్ అని పిలిపించుకునేవాళ్లూ. అలాంటివాళ్ల నుంచి పిల్లల్ని కాపాడటానికి వచ్చిన చట్టం ఇది. దాన్ని పరువు కోసం కర్రలా వాడేవాళ్లని చూపించింది సినిమా. రెండూ నిజమే. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి ఆరునెలలదాకా జైలు వేయొచ్చని కూడా ఇదే చట్టంలో ఉంది. పిల్లలే పొరపాటుగా ఫిర్యాదు చేస్తే మాత్రం వాళ్లకి శిక్ష లేదు.

ఈ చిక్కుముడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పశ్చిమ బెంగాల్‌లో పద్నాలుగేళ్ల అమ్మాయి, పాతికేళ్ల యువకుడి కేసు అది. కింది కోర్టు ఇరవై ఏళ్ల శిక్ష వేసింది. 2023లో కలకత్తా హైకోర్టు అతణ్ని వదిలేసింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు మళ్లీ దోషే అని తేల్చింది. అయితే అక్కడితో ఆగలేదు. నిపుణుల కమిటీ వేసి, అప్పటికి పెద్దదై, అతనితోనే కాపురం చేస్తూ, ఓ బిడ్డకి తల్లైన ఆమెని అడిగి తెలుసుకోమంది. ఆమెని ఎక్కువ బాధపెట్టింది తర్వాతి పోలీసు స్టేషన్లూ, కోర్టులూ, అతణ్ని విడిపించుకోవడానికి చేసిన పోరాటమేనని తేలింది. 2025 మే 23న, ‘కోర్ట్’ ఇంటింటి టీవీల్లోకి వచ్చిన ఆరువారాలకి, సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారం ఉపయోగించి అతనికి శిక్ష విధించకుండా వదిలేసింది. అందరికీ వర్తించే తీర్పు కాదిది, ఆ ఒక్క కేసుకే. నేరం నేరమేనంది. అంతకుముందు 2023 సెప్టెంబరులో లా కమిషన్ కూడా వయసు తగ్గించొద్దనే చెప్పింది. పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్యవారి కేసుల్లో మాత్రం శిక్ష విషయంలో జడ్జికి కాస్త వెసులుబాటు ఇవ్వమంది.

అంటే, సినిమాలో కుర్రాడికి ఏం జరిగిందన్నది వేరు, బయట కుర్రాడికి ఏం జరుగుతుందన్నది వేరు. తెరమీద సూర్యతేజ దొరికాడు కాబట్టి అందరికీ దొరుకుతాడని ఇంట్లో పిల్లలు అనుకుంటే ఆ పొరపాటు ఖరీదు కొన్నేళ్ల జైలు.

చర్లపల్లి ఎంత దూరం?

జైలంటే గుర్తొచ్చింది. చర్లపల్లి కేంద్ర కారాగారం ఉన్నది కూడా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే. తీర్పు రాకుండానే జైల్లో మగ్గిపోయే మనిషి కథతో 2021లో అల్లరి నరేశ్ ‘నాంది’ వచ్చింది. తప్పుడు కేసు పెట్టినవాళ్లని శిక్షించే ఐపీసీ 211వ సెక్షన్ గురించి చాలామంది మొదటిసారి విన్నది ఆ సినిమాలోనే. 2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చాక అదే సంగతి భారతీయ న్యాయ సంహితలో 248వ సెక్షన్ అయింది. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్బై ఐదుమందికి పైగా అన్నమాట. రెండున్నర గంటల్లో ముగిసే కోర్టు కథని చూసేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన ఉండాలి.

మరి డబ్బులేనివాళ్లకి లాయరెలా? ‘కోర్ట్’లో చందు ఇంటివాళ్లు పడే అవస్థంతా అదే కదా. ఇక్కడ సినిమా చూసినవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఒకటుంది. నల్సార్ కాదు, చివరి అక్షరం తీసేస్తే వచ్చే నల్సా! జాతీయ న్యాయసేవల సంస్థ. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, జైల్లోనో పోలీసు కస్టడీలోనో ఉన్నవాళ్లు... వీళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు. 15100 నంబరుకి ఫోన్ చేయొచ్చు. జిల్లా కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడ్డా, చాలాకాలం రంగారెడ్డి జిల్లా కోర్టు కిందే ఉండేది. 2022 జూన్‌లో తెలంగాణలో న్యాయ జిల్లాల్ని పెంచినప్పుడు సొంత జిల్లా కోర్టు వచ్చింది. పిల్లలకి ఆపదొస్తే 1098. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి ఖర్చేమీ లేదు.

ఇంకో చిన్న మాట. ఈ సినిమాని చట్టబద్ధంగా చూడటానికి వీలుండగా, ఎవరో పంపిన దొంగ లింకులో చూసేవాళ్లూ ఉన్నారు. సినిమాని దొంగతనంగా రికార్డు చేసినా, ప్రసారం చేసినా 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం మూడు లక్షల రూపాయల జరిమానా. ‘చట్టం తెలియక ఆ పిల్లాడు ఇరుక్కున్నాడు పాపం’ అంటూ పైరసీ ప్రింటు చూస్తూ కన్నీళ్లు పెట్టుకోవడం... ఏ సెక్షను కిందికి వస్తుందో ఆలోచించుకోవాల్సిందే!

పిల్లలతో చూడొచ్చా అన్నది మరో ప్రశ్న. ఓటీటీ సినిమాలకి 2021 నుంచి వయసు గుర్తు ఉండాలన్న నియమం ఉంది. యు/ఎ 13+, ఆపైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలూ కల్పించాలి. అయితే ఇలాంటి సినిమా విషయంలో తాళం వేసేయడం కంటే పక్కన కూర్చోవడమే మేలు. చట్టాల గురించి పిల్లలకి బడిలోనే చెప్పకపోతే వాళ్లకి ఎలా తెలుస్తుందన్నది సినిమా వినిపించే వాదన. బడి ఎప్పుడు మొదలుపెడుతుందో అది వేరే సంగతి. ఇల్లు ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు. ‘ఈ వయసులో నీకెందుకు ఆ మాటలు’ అని రిమోట్ లాక్కుంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఆ పిల్ల మొదట దాచేది ఇంట్లోవాళ్ల దగ్గరే. సినిమాలో జాబిల్లి ఇంట్లో అంతమంది పెద్దవాళ్లున్నారు. ఆమెని కూర్చోబెట్టి నెమ్మదిగా ‘ఏం జరిగిందమ్మా?’ అని అడిగి, చెప్పింది పూర్తిగా విని ఉంటే... ఆ కేసు కోర్టుదాకా వెళ్లేదే కాదు.